ఇంట్లో, బడిలో చేసుకున్న పరికరాలు విమానంలో: పిల్లల సీస్మోమీటర్‌ని ఢిల్లీ ఎలా తీసుకెళ్లాలి?

బడిగంట · సోమవారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. నేను ములుగు జిల్లాలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఫిజికల్ సైన్స్ టీచర్ని. ఒక సాయం కావాలి. విషయం కొంచెం పొడవు, ఓపిగ్గా చదవండి.

2024 డిసెంబరు 4 పొద్దున ఏడున్నరకు మా దగ్గర భూమి కంపించిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. తీవ్రత 5.3. హైదరాబాద్ దాకా తెలిసింది. ఆ రోజు బడిలో ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతి లేచి అడిగింది: "టీచర్, అది ములుగులో పుట్టిందని హైదరాబాద్‌ల కూసున్నోళ్లకు ఎట్ల తెలుస్తది?" హైదరాబాద్‌లో భూమి గురించి పరిశోధించే ఎన్‌జీఆర్‌ఐ సంస్థ గురించి, భూమి కంపనాలను కొలిచే సీస్మోమీటర్ల గురించి చెప్పాను. తనే ఒకటి చేస్తానంది.

చేసింది. నాలుగు అంగుళాల పీవీసీ పైపు, రెండున్నర అడుగుల పొడవు. అందులో మెట్లు దిగే ఉక్కు స్ప్రింగ్ బొమ్మ వేలాడుతుంది. స్ప్రింగ్ చివర నాలుగు చిన్న నియోడైమియం రింగు అయస్కాంతాలు. వాటి కింద రాగి తీగ చుట్ట. ఆ తీగను పరకాలలో మోటారు వైండింగ్ షాపతను డబ్బులు తీసుకోకుండా చుట్టి ఇచ్చాడు. ఊగులాట త్వరగా ఆగడానికి చిన్న రాగి గొట్టం ముక్క, ఒక ఆంప్లిఫయర్ చిప్పు, ఆర్డుయినో అనే చిన్న కంప్యూటర్ బోర్డు, పాత ల్యాప్‌టాప్ బ్యాటరీలో నుంచి తీసిన నాలుగు సెల్స్. 2025 మార్చి 28 మధ్యాహ్నం ఒంటిపూట బడి వదలబోతుండగా మయన్మార్ భూకంపం వచ్చింది కదా, 7.7ది. అక్కడ మొదలైన నాలుగు నిమిషాలకే మా కంప్యూటర్‌లో గీత ఊగడం మొదలైంది. ఆ రోజు ఆ పిల్ల ముఖం నేను మర్చిపోలేను.

ఇప్పుడు ఢిల్లీలో జాతీయ స్థాయి ప్రదర్శనకు ఎంపికైంది. మూడు వారాల్లో ప్రయాణం, ఈసారి విమానం టికెట్లు ఇచ్చారు. నా భయం ఏమిటంటే, ఇంతకుముందు ఇంకో బాబుతో వెళ్లినప్పుడు ఒక విమానాశ్రయంలో తనిఖీ దగ్గర ప్రాజెక్టులోని బ్యాటరీ తీసేయించారు, డబ్బా విప్పించారు, తిరిగి బిగించే టైం లేక ముక్కలుగా పట్టుకెళ్లాం. ఆ బాబు ప్రదర్శనలో పనిచేయని పరికరం ముందు నిలబడ్డాడు. మళ్లీ అలా జరగకూడదు.

చేతి సామానులో పెట్టాలా, చెక్-ఇన్‌లో వేయాలా? బ్యాటరీ సంగతేంటి? ఎక్స్‌రేలో పడితే ఆర్డుయినోలో ప్రోగ్రాం చెరిగిపోతుందా?

టంకం · సోమవారం, రాత్రి 9:48

మేడమ్, ముందు ఆ అమ్మాయికి నా శుభాకాంక్షలు చెప్పండి. కాయిల్ చుట్టించుకుని మయన్మార్‌ని పట్టడం మామూలు విషయం కాదు.

చివరి ప్రశ్నకు ముందు జవాబు: చెరగదు. బ్యాగుల ఎక్స్‌రే వల్ల చిప్పులకూ మెమరీ కార్డులకూ ఏమీ కాదు. కెమెరా ఫిల్ము అయితే ఆలోచించాలి.

అసలు సమస్య ఆ ల్యాప్‌టాప్ సెల్స్. లిథియం బ్యాటరీ ఎంత పెద్దదనేది వాట్ అవర్లలో చూస్తారు. ఆంపియర్ అవర్‌ని వోల్టులతో గుణిస్తే వస్తుంది. 100 వాట్ అవర్ల లోపు చేతి సామానులో తీసుకెళ్లొచ్చు. 100 నుంచి 160 మధ్య ఉంటే ఎయిర్‌లైన్ అనుమతి కావాలి, అవి కూడా విడిగా రెండే. 160 దాటితే ప్రయాణికులకు లేదు. మీ సెల్ ఒక్కోటి 2,600 మిల్లీ ఆంపియర్ అవర్లు అనుకుంటే 3.7 వోల్టుల దగ్గర పదికి కొంచెం తక్కువ. నాలుగూ కలిపినా నలభై లోపే. లెక్క ప్రకారం ఇబ్బంది లేదు.

కానీ వాటి మీద ఏమీ రాసి ఉండదు కదా. నీలం ప్లాస్టిక్ తొడుగు, ఎవరో వేసిన టంకం, టేపు. తనిఖీ చేసే మనిషి దాన్ని ఎంత అనుకోవాలి? కెపాసిటీ రాసి లేని పవర్ బ్యాంకునే మన దగ్గర ఒప్పుకోరు. పైగా పాత సెల్స్ నిజంగానే ప్రమాదం. లోపల ఒకటి దెబ్బతిని ఉంటే వేడెక్కి అంటుకుంటుంది, ఒకదాన్నుంచి ఇంకోదానికి పాకుతుంది. 2025 జనవరిలో దక్షిణ కొరియాలోని గిమ్హే విమానాశ్రయంలో నేల మీదున్న ఎయిర్ బుసాన్ విమానం కాలిపోయింది. పవర్ బ్యాంకే కారణమై ఉండొచ్చని తేల్చారు. ఆ తర్వాత చాలా ఎయిర్‌లైన్లు నిబంధనలు బిగించాయి. ఎమిరేట్స్ అయితే 2025 అక్టోబరు నుంచి విమానంలో పవర్ బ్యాంకు వాడటమే ఆపేసింది.

ఆర్డుయినోకి కావాల్సింది 5 వోల్టులు, యూఎస్‌బీ. పేరున్న కంపెనీ 10,000 మిల్లీ ఆంపియర్ అవర్ల పవర్ బ్యాంకు ఒకటి కొనండి. దాని మీద 37 వాట్ అవర్లు అని అచ్చేసి ఉంటుంది. పాత సెల్స్ బడిలోనే ఉంచేయండి.

బడిగంట · సోమవారం, రాత్రి 10:05

చాలా థాంక్స్ సర్. సెల్స్ తీసేద్దాం. పవర్ బ్యాంకు చెక్-ఇన్ సూట్‌కేసులో బట్టల మధ్య పెట్టొచ్చా?

టంకం · సోమవారం, రాత్రి 10:07

అసలు వద్దు మేడమ్! విడి లిథియం బ్యాటరీ, పవర్ బ్యాంకు ఎప్పుడూ చేతి సామానులోనే. క్యాబిన్‌లో పొగ వస్తే సిబ్బంది వెంటనే ఆర్పగలరు. కింద సామాను గదిలో అంటుకుంటే ఎవరికీ అందదు. అందుకే ఆ నియమం.

ఎక్స్‌రే_బల్ల · మంగళవారం, ఉదయం 6:32

బడిగంట గారూ, నేను విమానాశ్రయ భద్రతలో 22 ఏళ్లు పనిచేసి రిటైర్ అయ్యాను. చాలా ఏళ్లు ఎక్స్‌రే తెర ముందే కూర్చున్నాను. బల్లకు అటువైపు నుంచి ఎలా కనిపిస్తుందో చెబుతాను, మీకు ఉపయోగపడుతుంది.

తెర మీద వస్తువులు రంగుల్లో కనిపిస్తాయి. బట్టలు, కాగితం, తిండి, ప్లాస్టిక్ లాంటివి నారింజ రంగు. లోహాలు నీలం. మధ్యరకం ఆకుపచ్చ. కిరణాలు దాటలేనంత దట్టంగా ఉంటే నల్లగా. ఇప్పుడు మీ పరికరాన్ని ఆ తెర మీద ఊహించండి: రెండు వైపులా మూత బిగించిన గొట్టం, లోపల చుట్టలు చుట్టలుగా లోహం, ఒక నల్లటి ముద్ద (అవి మీ అయస్కాంతాలు), దాన్నుంచి తీగలు, ఒక సర్క్యూట్ బోర్డు, పక్కన నాలుగు బ్యాటరీలు. అక్కడ కూర్చున్న కుర్రాడికి ఆ బ్యాగును చూడటానికి దొరికేవి కొన్ని సెకన్లే. వాడికి ములుగు భూకంపం తెలియదు, మయన్మార్ తెలియదు. వాడు దాన్ని ఆపకపోతేనే తప్పు.

కాబట్టి బ్యాగును ఆపుతారు అనుకునే బయలుదేరండి. ఆపిన తర్వాత పది నిమిషాల్లో తేలిపోయేలా పరికరాన్ని తయారు చేసుకోండి, అదొక్కటే మన చేతుల్లో ఉన్నది. స్క్రూడ్రైవర్ లేకుండా చేత్తోనే మూత తెరుచుకోవాలి. టంకం పెట్టిన తీగల బదులు ఊడదీసే కనెక్టర్లు పెట్టండి. ఎక్కడా నల్ల టేపు చుట్టొద్దు. టేపు చూస్తే ఎవరికైనా కింద ఏముందో అనిపిస్తుంది. వీలైతే ఆ పీవీసీ పైపు మార్చేసి, లోపలున్నది బయటికి కనిపించే గొట్టం వాడండి. చూడగానే స్ప్రింగ్ కనిపిస్తే సగం అనుమానం అక్కడే పోతుంది.

చేతి సామానులోనే తీసుకెళ్లండి. చెక్-ఇన్‌లో వేస్తే ఆ బ్యాగును మీరు లేని చోట చూస్తారు. అనుమానం వస్తే మిమ్మల్ని పిలిపించాలి, మీరు ఎక్కడో గేటు దగ్గర ఉంటారు. ఎదురుగా మనిషి ఉండి వివరించడం వేరు. స్క్రూడ్రైవర్లు, కటింగ్ ప్లేయరు, టంకం కడ్డీ మాత్రం చెక్-ఇన్‌లోనే, మన దగ్గర చేతి సామానులో పనిముట్లు ఒప్పుకోరు.

ఇంకొకటి, పిల్లలకు ముందే చెప్పండి. సరదాకి కూడా ఆ ఒక్క మాట, బి అక్షరంతో మొదలయ్యేది, అక్కడ నోటి నుంచి రాకూడదు.

టెక్సాస్_తెలుగు · మంగళవారం, ఉదయం 8:15

నేనుండేది డాలస్ పక్కన ఇర్వింగ్‌లో. 2015 సెప్టెంబరులో ఇక్కడే 14 ఏళ్ల బాబు ఇంట్లో చేసిన గడియారాన్ని బడికి తెస్తే బేడీలు వేసి తీసుకెళ్లారు. మా పిల్లలు చదువుకునే ఊరే ఇది. అది బాంబు కాదని అందరికీ తెలిసి కూడా అలా చేశారు. ఆ ఫొటో చూసినప్పుడల్లా నా కడుపు తరుక్కుపోతుంది. పిల్లలు చేసిన వస్తువును చూసి ముందు భయపడటం మనకు అలవాటైపోయింది. పరికరం మార్చండి, పైపు మార్చండి అని పిల్లలకే చెబుతున్నాం. తనిఖీ చేసేవాళ్లకు నేర్పేది ఎవరు?

ఎక్స్‌రే_బల్ల · మంగళవారం, ఉదయం 9:02

మీ బాధ న్యాయమైనదే. ఇర్వింగ్‌లో జరిగింది తప్పు. టీచర్లకు ఆ అబ్బాయి ఎవరో తెలుసు, అడిగి తెలుసుకునే వీలూ ఉంది. విమానాశ్రయం పరిస్థితి అది కాదు. 2007లో బోస్టన్ లోగాన్‌లో ఒక ఎంఐటీ విద్యార్థిని స్వెటర్ మీద ఎల్‌ఈడీలు, 9 వోల్టుల బ్యాటరీ ఉన్న బోర్డు పెట్టుకుని స్నేహితుణ్ని కలవడానికి వెళ్లింది. తుపాకులతో చుట్టుముట్టారు. ఆ అమ్మాయి అలంకారంగా చేసుకున్నది. ఎదుటివాళ్లకు అది ఏమిటో తెలియలేదు. ఆ రోజు ఎవరికీ ఏమీ కాలేదు, కానీ ఒక్క క్షణంలో ఏదైనా జరిగేది. నేను చెప్పేది పిల్లల రక్షణ కోసమే.

టెక్సాస్_తెలుగు · మంగళవారం, ఉదయం 9:20

ఒప్పుకుంటాను సర్. మీలాంటి వాళ్లు ఇలా ముందుకొచ్చి చెప్పడం మంచిది.

గుంటూరు_గగనం · మంగళవారం, మధ్యాహ్నం 1:40

నా అనుభవం కూడా చెబుతాను. 2024 ఏప్రిల్ 8 సంపూర్ణ సూర్యగ్రహణానికి నేను సొంతంగా రుద్ది చేసుకున్న ఆరంగుళాల అద్దంతో టెలిస్కోపు పట్టుకుని డాలస్ వెళ్లాను. గుంటూరులో మేడ మీద ఆ అద్దం రుద్దడానికి నాలుగు నెలలు పట్టింది. దాన్ని సామాను విసిరేవాళ్ల చేతిలో పెట్టే ధైర్యం నాకు లేదు. అందుకే అద్దం ఒక్కటీ మెత్తటి గుడ్డలో చుట్టి, స్టీలు టిఫిన్ డబ్బాలో పెట్టి చేతి సామానులో వేశాను. అదే పొరపాటు. గుండ్రటి లోహపు డబ్బాలో మందపాటి గాజు తెర మీద నల్లటి పళ్లెంలా వచ్చిందట. తెరవమన్నారు. తెరిచాక అద్దం మీద ఆఫీసరు వేలు పెట్టబోతుంటే నా ప్రాణం పోయినంత పనైంది. "సార్, దయచేసి అంచులు పట్టుకోండి" అని బతిమాలాను. ఆయన పట్టించుకుని అంచులే పట్టుకున్నాడు. వచ్చేటప్పుడు పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బా కొని అందులో పెట్టాను, ఎవరూ ఆపలేదు.

టెలిస్కోపు గొట్టం తీసుకెళ్లలేదు. నాలుగు అల్యూమినియం కడ్డీలు, రెండు చెక్క చట్రాలు చెక్-ఇన్‌లో వేసి అక్కడ బిగించుకున్నాను. మన దేశంలో తిరిగేటప్పుడు చేతి సామాను 7 కిలోలు, చెక్-ఇన్ 15 కిలోలు అనేది గుర్తుంచుకుని మొదటి రోజు నుంచే ఆ తూకానికి తగ్గట్టు చేసుకోవడం మంచిది. అద్దం రుద్దే వాళ్లకు ఇంకో మాట: కార్బొరండం, సీరియం ఆక్సైడ్ పొడులు అమెరికా వెళ్లేటప్పుడు చేతి సామానులో పెట్టకండి. 2018 నుంచి 350 మిల్లీలీటర్లు దాటిన ఏ పొడినైనా విడిగా చూస్తున్నారు, ఏమిటో తేలకపోతే వదిలేసి వెళ్లాల్సిందే.

మా ఊరికి ఈ విషయంతో పాత సంబంధం ఉంది. 1868 ఆగస్టు 18 గ్రహణానికి ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ అనే ఖగోళ శాస్త్రవేత్త స్పెక్ట్రోస్కోపులు (వెలుగును రంగులుగా విడదీసి చూసే పరికరాలు) ఓడలో వేసుకుని గుంటూరు వచ్చాడు. సూర్యుడి అంచున లేచే మంటల్లో ఉన్నది వేడి వాయువేనని ఇక్కడే చూశాడు. హీలియం వాయువును కనుగొన్న కథ మొదలైన చోట్లలో మా ఊరొకటి. మచిలీపట్నంలో అదే రోజు మద్రాసు నుంచి వచ్చిన ఖగోళ శాస్త్రవేత్త పోగ్సన్ చూశాడు. 2027 ఆగస్టు 2న ఈజిప్టులో లక్సర్ దగ్గర ఆరు నిమిషాలకు పైగా సంపూర్ణ గ్రహణం ఉంది. నేను చేసుకున్న స్పెక్ట్రోస్కోపుతో అక్కడికి వెళ్లాలని నా కోరిక. గుంటూరుకు ఒకాయన పరికరాలు మోసుకొచ్చాడు, ఇప్పుడు గుంటూరు నుంచి నేను మోసుకెళ్తాను.

తుపాను_తీరం · మంగళవారం, సాయంత్రం 5:25

గగనం గారూ, విదేశాలకు ఖరీదైన పరికరం తీసుకెళ్తే వెళ్లేటప్పుడే మన కస్టమ్స్ వాళ్ల దగ్గర ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ రాయించుకోండి. తిరిగి వచ్చేటప్పుడు ఇది మనదేనని చూపించడానికి అదే ఆధారం. సొంతంగా చేసుకున్న వాటికి బిల్లు ఉండదు, సీరియల్ నంబరు ఉండదు. చట్రం మీద ఒక నంబరు చెక్కి, ఫొటోలు తీసి పెట్టుకోండి.

నేను బందరు తీరంలో వాతావరణ కేంద్రాలు చేసి పెడుతుంటాను. నా వైపు నుంచి రెండు హెచ్చరికలు. ఎవరైనా పాత పాదరసం బారోమీటరు, పాదరసం థర్మామీటరు పట్టుకుని విమానం ఎక్కాలనుకుంటే మానుకోండి. పాదరసం అల్యూమినియం మీద పడితే దాని పైపొరను దాటి లోపలికి పాకి లోహాన్ని పిండిలా చేసేస్తుంది. చాలా విమానాల ఒళ్లు ఎక్కువగా అల్యూమినియమే. పాదరసం బారోమీటరు ప్రభుత్వ వాతావరణ శాఖ లాంటి సంస్థల ప్రతినిధులే, అదీ చేతి సామానులో, కెప్టెన్‌కి తెలియజేసి తీసుకెళ్లాలి. మనకు గాలి పీడనం కొలిచే బీఎంపీ280 లాంటి చిన్న సెన్సర్లు ఉండగా ఆ అవసరమే లేదు.

రెండోది, ఇరిడియం లాంటి ఉపగ్రహ మోడెమ్ ఉన్న పరికరాలు. సముద్రంలో తేలే బోయల కోసం చాలామంది వాడతారు. మన దేశంలోకి అనుమతి లేకుండా అలాంటివి తేవడం చట్టవిరుద్ధం. విదేశాల నుంచి వచ్చే మన పిల్లలు తెలియక బ్యాగులో పెట్టుకొస్తే పోలీసు కేసు దాకా వెళ్తుంది. ఇంటికి రాబోయే ముందు మీ పరికరంలో ఏ రేడియో ఉందో చూసుకోండి. లోరా (తక్కువ కరెంటుతో దూరానికి డేటా పంపే రేడియో) వాడేవాళ్లు కూడా అంతే, అమెరికాలో 915 మెగాహెర్ట్జ్, మన దగ్గర 865 నుంచి 868.

కణాల_జాడ · మంగళవారం, రాత్రి 8:50

ఇక్కడ గీగర్ కౌంటర్ (రేడియేషన్ కొలిచే పరికరం) చేసుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే విమానంలో తప్పకుండా పెట్టి చూడండి. నాది ఎస్‌బీఎం-20 గొట్టం, 400 వోల్టులు కావాలి. నేల మీద నిమిషానికి 20 చుట్టూ కౌంట్లు వస్తాయి. హైదరాబాద్-ఢిల్లీ విమానంలో 35,000 అడుగుల దగ్గర 200 దాటింది. కిటికీ పక్కన కూర్చుని ఆ అంకెలు పెరుగుతుంటే చూడటం నేను ఎప్పటికీ మర్చిపోను. 1912లో విక్టర్ హెస్ అనే శాస్త్రవేత్త బెలూన్‌లో 5,300 మీటర్ల ఎత్తుకు వెళ్లి చూసింది ఇదే. పైకి పోయేకొద్దీ కిరణాలు పెరుగుతున్నాయంటే అవి భూమి నుంచి కాదు, ఆకాశం నుంచి వస్తున్నాయని తేల్చాడు. మన వైపు ఈ కాస్మిక్ కిరణాలు తక్కువ, ధ్రువాల మీదుగా అమెరికా వెళ్లే విమానాల్లో ఎక్కువ, ఎందుకంటే భూమధ్యరేఖ దగ్గర భూమి అయస్కాంత క్షేత్రం వాటిని ఎక్కువగా మళ్లిస్తుంది. టీఐఎఫ్ఆర్ (టాటా పరిశోధన సంస్థ) బెలూన్ కేంద్రానికి హైదరాబాద్ అనువైన చోటు కావడానికి ఇదొక కారణం.

కౌంటర్ తీసుకెళ్లడం తప్పు కాదు. పరీక్షించడానికి వాడే మూలం మాత్రం ఎప్పుడూ వెంట తీసుకెళ్లకండి. పాత పెట్రోమాక్స్ మాంటిల్‌లో థోరియం, కొన్ని పొగ గంటల్లో అమెరీసియం ఉంటాయి. "చిన్న ముక్కే కదా" అనుకోవద్దు. తెర ముందున్న వాళ్లకు కౌంటర్ కిర్రుకిర్రుమనేలా చూపిద్దామనే సరదా అస్సలు వద్దు. అలాగే క్లౌడ్ ఛాంబర్ (కణాలు పోయిన జాడలు కంటికి కనిపించే పెట్టె) చేసేవాళ్లు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ సీసా వెంట తీసుకెళ్లకుండా దిగిన ఊళ్లో కొనుక్కోండి. దాన్ని చల్లబరిచే డ్రై ఐస్ మనిషికి రెండున్నర కిలోల దాకా ఎయిర్‌లైన్ అనుమతితో ఒప్పుకుంటారు కానీ, గాలి బయటికి పోయే డబ్బాలోనే. మూసేస్తే పేలుతుంది.

నిర్వాహకుడు · మంగళవారం, రాత్రి 9:15

అన్నీ పనికొచ్చే విషయాలే. కాకపోతే మేడమ్ అడిగిన సీస్మోమీటర్ సంగతి తేలాక గీగర్ కౌంటర్ల గురించి విడిగా ఇంకో చర్చ మొదలుపెడదాం. అయస్కాంతాల గురించి ఇంకా ఎవరూ చెప్పలేదు.

టంకం · మంగళవారం, రాత్రి 9:31

అదే రాయబోతున్నాను. బలమైన అయస్కాంతం విమానం దిక్సూచిని తప్పుదారి పట్టిస్తుందనే భయంతో దీనికీ పరిమితి ఉంది. డబ్బా నుంచి 4.6 మీటర్ల దూరంలో దాని క్షేత్రం 0.00525 గాస్ (అయస్కాంత క్షేత్రం కొలత) దాటకూడదు. మన ప్రాంతంలో భూమి అయస్కాంత క్షేత్రం సుమారు 0.4 గాస్, అంటే దానిలో ఎనభయ్యో వంతు లాంటిది. మీ నాలుగు చిన్న రింగు అయస్కాంతాలు అంత దూరంలో ఆ దరిదాపుల్లోకి కూడా రావు. అయినా రెండేసి చొప్పున ఎదురెదురు ధ్రువాలు అంటుకునేలా జతచేసి, రెండు వైపులా ఇనుప రేకు ముక్కలు పెట్టండి. క్షేత్రం చాలావరకు లోపలే తిరుగుతుంది. ఇంట్లో పరీక్ష తేలిక: ఏడడుగుల దూరంలో మామూలు దిక్సూచి పెట్టి డబ్బాను తిప్పి చూడండి, ముల్లు కదలకపోతే చాలు. ఆ పరీక్ష అమ్మాయితోనే చేయించండి, ప్రదర్శనలో చెప్పుకోవడానికీ బాగుంటుంది.

బడిగంట · బుధవారం, ఉదయం 7:05

ఇన్ని విషయాలు చెప్పిన మీ అందరికీ ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. నిన్న సాయంత్రం అన్నీ ఆ అమ్మాయికి చదివి వినిపించాను. పీవీసీ పైపు మార్చాలంటే మొదట కళ్లనీళ్లు పెట్టుకుంది, దాని మీద రంగులేసుకుంది పాపం. తర్వాత తనే అంది, "లోపల కనబడితే చూసేటోళ్లకు గూడ మంచిగ సమజైతది టీచర్" అని.

ఒక సందేహం. హెడ్మాస్టర్ గారి చేత బడి లెటర్‌హెడ్ మీద ఉత్తరం రాయించుకెళ్తే ఉపయోగం ఉంటుందా?

కణాల_జాడ · బుధవారం, ఉదయం 8:11

నా అనుభవంలో ఉత్తరం ఎవరూ చదవలేదు మేడమ్. మూడుసార్లు పట్టుకెళ్లాను, ఒక్కసారి కూడా మడత విప్పలేదు. దాని మీద ఆశ పెట్టుకోకండి.

ఎక్స్‌రే_బల్ల · బుధవారం, ఉదయం 8:40

బల్ల దగ్గర నిలబడ్డ ఉద్యోగి చదవడు, నిజమే. వాడికి ఆ అధికారం కూడా లేదు. అనుమానం తీరకపోతే పైఅధికారిని పిలుస్తాడు. ఆయన చదువుతాడు. ఆయన నిర్ణయం తీసుకుంటే రేపు ఎవరైనా అడిగినప్పుడు చూపించడానికి ఒక కాగితం కావాలి. మీ ఉత్తరం ఆ కాగితం. అందుకే రాయించండి. హెడ్మాస్టర్ ఫోన్ నంబరు, ప్రదర్శన ఆహ్వాన పత్రం నకలు, పరికరం విప్పినప్పటి ఫొటో, బిగించినప్పటి ఫొటో, ఒక్కో భాగం పేరు రాసిన బొమ్మ, అన్నీ ఒకే పేజీకి పిన్ చేయండి. ఇంగ్లిష్‌లోనూ హిందీలోనూ ఉంటే మేలు. ఎయిర్‌లైన్‌కి ముందే ఈమెయిల్ పెట్టి వాళ్ల జవాబు కూడా ప్రింట్ తీసుకోండి. అయితే ఎయిర్‌లైన్ సరేనన్నా చివరి మాట భద్రతా సిబ్బందిదే, అది గుర్తుంచుకోండి.

కణాల_జాడ గారి మాటలో ఒక నిజం ఉంది. కాగితం కంటే ముందు పనిచేసేది మనిషి మాటే. ఆ అమ్మాయినే మాట్లాడనివ్వండి. చేసినవాళ్లు చెబుతుంటే వినేవాడికి తెలిసిపోతుంది.

కణాల_జాడ · బుధవారం, ఉదయం 8:52

పైఅధికారి సంగతి నాకు తట్టలేదు సర్. అయితే ఉత్తరం రాయించండి మేడమ్, నా మాట వెనక్కి తీసుకుంటున్నాను.

గుంటూరు_గగనం · బుధవారం, ఉదయం 10:30

స్ప్రింగ్‌ని వేలాడదీసే తీసుకెళ్తారా? కుదుపులకు సాగిపోతుంది. అయస్కాంతాలు తీసేసి స్ప్రింగ్‌ని దగ్గరకు నొక్కి దారంతో కట్టండి. ఢిల్లీలో మళ్లీ వేలాడదీశాక ఒక పూట అలా వదిలేయండి, అప్పుడే నిలకడకు వస్తుంది. ప్రదర్శనకు ముందురోజే చేరేలా చూసుకోండి.

బడిగంట · పదో రోజు, రాత్రి 9:20

చిన్న అప్‌డేట్. గుండ్రటి పారదర్శక గొట్టం వరంగల్‌లో దొరకలేదు. హన్మకొండలో సైన్‌బోర్డులు చేసే షాపతను అక్రిలిక్ షీటు ముక్కలు కోసి, నలుచదరపు పెట్టెలా అతికించి ఇచ్చాడు. మూత చేత్తో తిప్పితే వచ్చేస్తుంది. ఎత్తు రెండడుగులకు తగ్గించాం, కానీ చేతి సామానుకు ఉన్న 55 సెంటీమీటర్ల కొలత దాటుతోందని తర్వాత తెలిసింది. మళ్లీ కోయించి రెండు ముక్కలు చేశాం, మధ్యలో కొక్కేలు. మొత్తం 3 కిలోల 200 గ్రాములు. దిక్సూచి పరీక్ష పాసైంది. తీగలకు కనెక్టర్లు పెట్టింది, ఒక్కోదానికి చిన్న చీటీ అతికించి పేరు రాసింది.

టంకం · పదో రోజు, రాత్రి 9:34

రెండు ముక్కలు చేయడం చాలా తెలివైన పని. కాయిల్ నుంచి వచ్చే సన్న తీగ దగ్గర జాగ్రత్త మేడమ్, ఎనామెల్ తీగ వంగిన చోటే తెగుతుంది. అక్కడ కొంచెం వేడి జిగురు పెట్టండి.

బడిగంట · ప్రయాణం రోజు, రాత్రి 11:02

ఢిల్లీ చేరాం. మీరంతా టెన్షన్‌గా ఉంటారని పడుకునే ముందు రాస్తున్నాను.

విమానానికి మూడు గంటల ముందే చేరుకున్నాం. ఎక్స్‌రే దగ్గర బ్యాగు ఆపారు, ఎక్స్‌రే_బల్ల గారు చెప్పినట్టే. "యే క్యా హై" అన్నారు. నేను నోరు తెరవబోయి ఆగాను. ఆ అమ్మాయి వచ్చీరాని హిందీలో "భూకంప్ నాప్‌నే కా యంత్ర్ హై సర్, మైనే బనాయా" అంది. మూత తీసి ఒక్కొక్కటే బయట పెట్టింది. అయస్కాంతాలు చూసి ఆయన ఇవేమిటని అడిగారు. అప్పుడు తనేం చేసిందంటే, రాగి గొట్టం ముక్క నిలువుగా పట్టుకుని పైనుంచి ఒక అయస్కాంతం వదిలింది. అది జారిపడకుండా మెల్లగా, దిగీ దిగనట్టు కిందికి వచ్చింది. ఆయన కళ్లు పెద్దవి చేశారు. గొట్టం తీసుకుని తనే వదిలి చూశారు. పక్క బల్ల నుంచి ఇంకో మేడమ్ వచ్చి ఆమె కూడా వదిలి చూసింది. రాగి అయస్కాంతానికి అంటుకోదు కదా, మరి ఎందుకు ఆపుతోందని అడిగింది. మా అమ్మాయి లెంజ్ నియమం (కదిలే అయస్కాంతం రాగిలో పుట్టించే కరెంటు ఆ కదలికనే అడ్డుకుంటుందని) చెప్పింది, సగం హిందీ సగం తెలుగు. పైఅధికారి వచ్చి ఉత్తరం పూర్తిగా చదివారు, పవర్ బ్యాంకు మీద అంకె చూశారు, ఫోన్ నంబరు రాసుకున్నారు. మొత్తం ఇరవై నిమిషాలు. అన్నీ మా చేతికే ఇచ్చారు.

ఒక్క నష్టం జరిగింది. నా హ్యాండ్‌బ్యాగు జేబులో చిన్న స్క్రూడ్రైవరు ఉండిపోయింది, అది తీసేసుకున్నారు. ఇంకొకటి ఇప్పుడే గదిలో చూశాం: కాయిల్ తీగ సరిగ్గా టంకం గారు చెప్పిన చోటే తెగింది. జిగురు ఇంకో వైపు పెట్టాం. ప్రదర్శన ఎల్లుండి. టంకం కడ్డీ తేలేదు. ఎక్కడ దొరుకుతుంది?

టంకం · ప్రయాణం రోజు, రాత్రి 11:09

ఎర్రకోట ఎదురుగా లజపత్ రాయ్ మార్కెట్ ఉంది మేడమ్, మన కోఠి గుజరాతీ గల్లీ లాంటిదే. 25 వాట్ల కడ్డీ, కొంచెం టంకం తీగ, ఫ్లక్స్ కొనండి. ఎనామెల్ తీగ చివర సెంటీమీటరు మేర బ్లేడుతో పూర్తిగా గీకాలి, రాగి మెరుపు కనిపించేదాకా. లేకపోతే టంకం పట్టదు. అమ్మాయిని ఒకసారి మీటరుతో చూసుకోమనండి, కాయిల్ మొత్తం రెసిస్టెన్స్ ఎంతో తనకు గుర్తుంటుంది.

బడిగంట · మరుసటి రోజు, సాయంత్రం 6:44

అతికింది. గుర్తుండటమేంటి, నోట్‌బుక్‌లో రాసి పెట్టుకుంది, అదే అంకె వచ్చింది. ఇప్పుడు స్ప్రింగ్ వేలాడదీసి వదిలేశాం. మూడో అంతస్తు గది కావడంతో కింద మెట్రో పోయినప్పుడల్లా గీత ఊగుతోంది. తను టైం రాసుకుంటూ కూర్చుంది, అన్నం తినమన్నా లేవడం లేదు.

టంకం కడ్డీ తిరిగి వచ్చేటప్పుడు చెక్-ఇన్‌లో వేయొచ్చు కదా?

ఎక్స్‌రే_బల్ల · మరుసటి రోజు, సాయంత్రం 6:50

వేయండి. పూర్తిగా చల్లారాక, మొనకు గుడ్డ చుట్టి. పవర్ బ్యాంకు మాత్రం చేతిలోనే.